వేరుపడ్డ మర్నాడు ఏమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒక ప్రాంతం పెద్ద దేశం నుంచో, దేశాల కూటమి నుంచో విడిపోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అది న్యాయమా, అన్యాయమా అని అడిగినవే. ఆ వాదన ఒక శీర్షికలో తేలేది కాదు. అందుకని విడిపోయాక ఏం జరుగుతుందని అడిగిన ప్రశ్నలను మాత్రమే ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: ఒక ప్రాంత ప్రజల్లో సగానికి పైగా ‘విడిపోతాం’ అని ఓటు వేస్తే అది వేరే దేశం అయినట్టే కదా? ప్రజాస్వామ్యంలో అంతకు మించిన తీర్పు ఏముంటుంది?

జవాబు: అయినట్టు కాదు. ఓటు ఒక ప్రాంతం కోరికను లోకానికి చాటుతుంది, అంతవరకే. కొత్త దేశం నిలబడాలంటే పాత ప్రభుత్వం ఒప్పుకోవాలి, లేదా దాని అభ్యంతరాన్ని తోసిపుచ్చి బయటి దేశాలైనా గుర్తించాలి. 2017 అక్టోబరు 1న కాటలోనియాలో జరిగిన ఓటింగులో పోలైన ఓట్లలో దాదాపు 90 శాతం విడిపోవడానికే పడ్డాయి. అయితే ఓటు వేసినవారు 43 శాతం మందే. పైగా ఆ ఓటింగుకు ఆధారమైన చట్టాన్ని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం అప్పటికే నిలిపివేసింది. అక్టోబరు 27న ప్రాంతీయ పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించిన రోజునే స్పెయిన్ సెనేట్, ప్రాంతీయ పాలనను కేంద్రం చేతిలోకి తీసుకోనిచ్చే రాజ్యాంగంలోని 155వ అధికరణాన్ని ప్రయోగించడానికి అనుమతి ఇచ్చింది, ప్రాంతీయ ప్రభుత్వం పదవి కోల్పోయింది. ఒక్క దేశమైనా ఆ ప్రకటనను గుర్తించలేదు.

స్వాతంత్ర్యం రాలేదు గానీ దాని పర్యవసానాలు మాత్రం ముందే వచ్చి కూర్చున్నాయి. ఓటింగు జరిగిన వారం తిరగకుండానే సబాదెల్ బ్యాంకు తన రిజిస్టర్డ్ కార్యాలయాన్ని అలికాంతెకు, కైషాబ్యాంకు వలెన్సియాకు మార్చుకున్నాయి. వాటి లెక్క సులువుగానే అర్థమవుతుంది. కాటలోనియా విడిపోతే యూరోపియన్ యూనియన్‌కు బయట పడుతుంది. బయట పడ్డ బ్యాంకుకు యూరోపియన్ కేంద్ర బ్యాంకు అండ ఉండదు. ఆ సంగతి చెవిన పడ్డ డిపాజిట్‌దారు మర్నాటి దాకా ఆగడు. సబాదెల్ తిరిగి కాటలోనియాకు వచ్చింది 2025లో.

ఈ విషయంలో నిక్కచ్చిగా మాట్లాడినది కెనడా సుప్రీంకోర్టు అని నా అభిప్రాయం. 1995 అక్టోబరు 30న క్యుబెక్ ప్రజలు 50.58 శాతం, 49.42 శాతంగా చీలి, వెంట్రుకవాసి తేడాతో కెనడాలోనే ఉండిపోయారు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం అడిగిన ప్రశ్నలకు 1998లో కోర్టు ఇచ్చిన సమాధానంలో రెండు భాగాలున్నాయి. ఏకపక్షంగా వెళ్లిపోయే హక్కు క్యుబెక్‌కు లేదు. కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే, మిగతా దేశం చర్చలకు కూర్చోవలసిందే. ఎంత వస్తే స్పష్టమైన మెజారిటీ అన్నది మాత్రం కోర్టు రాజకీయ నాయకులకే వదిలేసింది. సెర్బియా నుంచి వేరుపడాలనుకున్న మాంటెనెగ్రో విషయంలో యూరోపియన్ యూనియన్ అలా వదలకుండా 55 శాతం రావాలని ముందే షరతు పెట్టింది. 2006 మే 21న వచ్చింది 55.5 శాతం. అరశాతానికి మించి తగ్గి ఉంటే, మెజారిటీ ఉండి కూడా ఓడిపోయామన్న కోపంతో ఆ ప్రాంతం ఎన్నేళ్లు రగిలేదో!

ప్రశ్న: విడిపోయాక కూడా రెండు దేశాలూ పాత కరెన్సీనే వాడుకుంటే ప్రజలకు ఇబ్బంది ఉండదు కదా? కొత్త నోట్లు ముద్రించాలన్న తొందర ఎందుకు?

జవాబు: వినడానికి ఇంత తేలికైన పరిష్కారం ఇంకొకటి లేదు. ఆచరణలో ఇంత త్వరగా బెడిసికొట్టేదీ ఇంకొకటి లేదు. 1993 జనవరి 1న చెకోస్లోవాకియా రెండుగా విడిపోయినప్పుడు కనీసం ఆరు నెలలపాటు ఉమ్మడి కొరునా కొనసాగాలని చెక్, స్లోవాక్ నాయకులు ఒప్పుకున్నారు. ఇద్దరి మధ్యా శత్రుత్వం లేదు, తుపాకీ పేలలేదు. అయినా ఆ ఒప్పందం ఆరు వారాలు కూడా నిలవలేదు. ఎందుకంటే, స్లోవాకియాకు సొంత కరెన్సీ వస్తే దాని విలువ పడిపోతుందని అందరూ అనుకున్నారు. అలా అనుకున్నవారు చేయగలిగిన తెలివైన పని ఒక్కటే: స్లోవాక్ బ్యాంకులో ఉన్న సొమ్మును చెక్ బ్యాంకుకు మార్చుకోవడం. వ్యాపారులు స్లోవాకియా నుంచి రావలసిన బాకీలు త్వరగా రాబట్టుకుని, అక్కడికి చెల్లించవలసినవి వాయిదా వేశారు. కేంద్ర బ్యాంకుల నిల్వలు కరిగిపోతుంటే, రెండు ప్రభుత్వాలూ గుట్టుగా మాట్లాడుకుని ఫిబ్రవరి 8న కరెన్సీని విడదీశాయి.

విడదీసిన తీరు చూడదగినది. కొత్త నోట్లు చాలినన్ని ఇంకా తయారుకాలేదు. అందుకని పాత పెద్ద నోట్ల మీదే చిన్న స్టాంపులు అంటించారు. చెక్ స్టాంపు ఉన్న నోటు చెక్ దేశంలో, స్లోవాక్ స్టాంపు ఉన్న నోటు స్లోవాకియాలో చెల్లుతుంది, స్టాంపు లేని పెద్ద నోటు ఎక్కడా చెల్లదు. నిన్నటిదాకా ఒకే నోటు, ఇవాళ వేలెడంత కూడా లేని కాగితపు ముక్కతో రెండు దేశాలది. ఆ ఏడాది జులైలో స్లోవాక్ కొరునా విలువను 10 శాతం తగ్గించారు. అంటే, జనం ముందుగా భయపడింది ఉత్తి పుకారు చూసి కాదు.

సోవియట్ యూనియన్ పోయాక రూబుల్ విషయంలో జరిగింది ఇంకా గజిబిజి వ్యవహారం. నోట్లు ముద్రించే యంత్రాలు రష్యా చేతిలో ఉన్నాయి, అప్పులు ఇచ్చే అధికారం మాత్రం ప్రతి కొత్త దేశపు కేంద్ర బ్యాంకుకూ మిగిలింది. ఒక్కొక్కరూ తమ కర్మాగారాలకు రూబుళ్లలో ధారాళంగా అప్పులిస్తే, పెరిగిన ధరల భారం అందరి మీదా పడింది. 1992లో రష్యాలో ధరలు 25 రెట్లకు పైగా పెరగడానికి ధరల నియంత్రణ ఎత్తివేత ప్రధాన కారణం కాగా, ఈ అదుపులేని అప్పులు దానికి ఆజ్యం పోశాయి. ఎస్టోనియా ఆ గుంపులో నుంచి తొందరగా బయటపడింది. 1992 జూన్‌లో సొంత క్రూన్‌ను తెచ్చి, 8 క్రూన్లకు ఒక జర్మన్ మార్కు చొప్పున గట్టిగా ముడివేసింది. అది దుడుకుతనమని అప్పట్లో హెచ్చరించినవారు లేకపోలేదు.

స్కాట్లాండ్ చర్చ కూడా ఈ ముడి దగ్గరే చిక్కుకుంది. పౌండును పంచుకుంటామని స్వాతంత్ర్యవాదులు చెప్పారు. 2014 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఎడిన్‌బరో వెళ్లి, వెళ్లిపోతే పౌండు ఉండదని తెగేసి చెప్పారు. మరి మీ రెండో మార్గం ఏమిటన్న ప్రశ్నకు ప్రచారం ముగిసేదాకా ఓటరుకు సూటి జవాబు దొరకలేదు. సెప్టెంబరు 18న 55.3 శాతం మంది ‘వద్దు’ అన్నారు. వారందరూ కరెన్సీ కోసమే వద్దన్నారని నేను చెప్పను గానీ, జీతం ఏ నోట్లలో వస్తుందో తెలియని మనిషి తటపటాయించడంలో వింతేముంది?

ప్రశ్న: ఉమ్మడి దేశం చేసిన అప్పులు ఎవరు తీర్చాలి? వెళ్లిపోయినవారు ‘మాకు సంబంధం లేదు’ అనవచ్చా?

జవాబు: అనవచ్చు, అన్నారు కూడా. అన్నదమ్ముల పంపకంలో మాదిరిగా ఇక్కడా ఆస్తి వాటాకు అందరూ ముందుంటారు, అప్పు వాటా మాట వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి. ఆస్తులు, అప్పులు, పాత రికార్డుల పంపకం మీద 1983లో వియన్నాలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక తయారైంది. చాలినన్ని దేశాలు ఆమోదించకపోవడంతో అది నేటికీ అమలులోకి రాలేదు. కాబట్టి ప్రతి పంపకమూ బేరమే.

చెక్, స్లోవాక్ బేరంలో సూత్రం సరళం. భూములు, భవనాలు ఎక్కడ ఉన్నవి అక్కడివారివే. కదిలించగలిగినవన్నీ జనాభా ప్రకారం రెండు వంతులు చెక్‌లకు, ఒక వంతు స్లోవాక్‌లకు. సైన్యం ఆయుధాలకు కూడా మొత్తం మీద అదే లెక్క. ఉమ్మడి దేశపు చిహ్నాలను ఎవరూ వాడరాదని చట్టం చేసుకుని కూడా చెక్‌లు పాత జెండాను అలాగే ఉంచేసుకున్నారు. సోవియట్ విషయంలో బయటి అప్పు మొత్తాన్ని రష్యా నెత్తికెత్తుకుంది, బదులుగా విదేశాల్లోని సోవియట్ ఆస్తులన్నీ తనవే అంది. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయినప్పుడు సూడాన్ కూడా అటువంటి పద్ధతే పాటించింది: దాదాపు 4,000 కోట్ల డాలర్ల అప్పు మొత్తాన్ని ఖార్టూమ్ (సూడాన్ రాజధాని) తన వద్దే ఉంచుకుంది, అప్పిచ్చినవారు మాఫీ చేయకపోతే మళ్లీ పంచుకుందామన్న షరతుతో.

ప్రభుత్వాల అప్పుకన్నా మామూలు మనిషి పొదుపే ఎక్కువ కష్టాల పాలైన సందర్భం యుగోస్లావియాది. స్లోవేనియా రాజధానిలోని ల్యుబ్ల్యాన్‌స్కా బ్యాంకుకు బోస్నియాలోని సారాయెవోలో, క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో శాఖలుండేవి. విదేశాల్లో కూలి చేసి సంపాదించిన జర్మన్ మార్కులను జనం వాటిలో దాచుకున్నారు. దేశం ముక్కలయ్యాక స్లోవేనియా తన గడ్డ మీది శాఖల్లోని డిపాజిట్లకే హామీ ఇచ్చింది. 1994లో ఆస్తులను కొత్త బ్యాంకులోకి మార్చి, మిగతా శాఖల బాకీలను పాత బ్యాంకు పేరిటే వదిలేసింది. సారాయెవోలో పాసుపుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఒక దేశం ‘ఆ బ్యాంకు మాది కాదు’ అని, మరో దేశం ‘ఆ ఊరు మాది కాదు’ అని చెప్పాయి. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం 2014 జులైలో ఆ సారాయెవో శాఖ డిపాజిట్లకు స్లోవేనియాయే బాధ్యురాలని తేల్చింది. దాచుకున్నవారిలో ఎందరో అప్పటికి కాలం చేశారు.

ప్రశ్న: చమురు, గనులు ఉన్న ప్రాంతం విడిపోతే ఆ సంపద అంతా తనకే దక్కుతుంది కనుక వెంటనే బాగుపడుతుంది కదా?

జవాబు: సంపద భూమిలో ఉంటే చాలదు, అది రేవు దాకా చేరాలి. దక్షిణ సూడాన్ 2011 జులై 9న స్వతంత్రమైంది. జనవరిలో జరిగిన ఓటింగులో 98.83 శాతం అనుకూలం. ఉమ్మడి దేశపు చమురులో దాదాపు మూడు వంతులు, అంటే 75 శాతం, దక్షిణానికి దక్కింది. పైప్‌లైను మాత్రం ఉత్తరాదిన ఎర్రసముద్రపు ఒడ్డునున్న పోర్ట్ సూడాన్‌కు పోతుంది. రవాణా రుసుము ఎంతో తేల్చకుండానే జెండా ఎగరేశారు. ఖార్టూమ్ పీపాకు 30 డాలర్లకు పైగా అడిగింది, దక్షిణ సూడాన్ రాజధాని జూబా ఒక డాలరైనా ఇవ్వనంది. తన బాకీ కింద అంటూ ఖార్టూమ్ దారిలోనే చమురును తీసేసుకోవడం మొదలుపెడితే, 2012 జనవరిలో జూబా రోజుకు దాదాపు 3,50,000 పీపాల ఉత్పత్తిని పూర్తిగా ఆపేసింది. ప్రభుత్వ రాబడిలో దాదాపు 98 శాతం ఆ చమురు నుంచే వచ్చేది. పొరుగువాడి చేయి నరకడానికి తన పీకే కోసుకున్నట్టయింది వ్యవహారం. ఏడాది దాటాక, 2013 వసంతంలో చమురు మళ్లీ పారింది. అదే డిసెంబరులో అంతర్యుద్ధం రేగింది. 2023లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక, 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలోని పైప్‌లైను పగిలితే మరమ్మతుకు మనిషి వెళ్లలేని స్థితి వచ్చింది. విడిపోయిన పదమూడేళ్లకు కూడా దక్షిణ సూడాన్ ఖజానా తాళంచెవి సూడాన్ ఇసుకలోనే ఉంది.

ధర సంగతి వేరే. స్కాట్లాండ్ ప్రభుత్వం తన ప్రణాళికలో పీపా చమురు 110 డాలర్ల దగ్గర ఉంటుందని లెక్కవేసింది. ‘అవును’ గెలిచి ఉంటే 2016 మార్చి 24 స్వాతంత్ర్య దినం అయ్యేది. ఆ నాటికి ధర 40 డాలర్ల చుట్టుపక్కల ఉంది.

ప్రశ్న: విడిపోయిన ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉంటున్న బయటి ప్రాంతాలవారి పౌరసత్వం ఏమవుతుంది?

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో ముందు అడగవలసిన ప్రశ్న ఇదే, అడిగింది మాత్రం ఒక్కరే. స్లోవేనియా 1991 జూన్‌లో స్వాతంత్ర్యం ప్రకటించింది. పది రోజుల యుద్ధంతో బయటపడి, ఆ తర్వాత యూరప్ మెచ్చుకున్న దేశం అది. అక్కడ స్థిరపడ్డ ఇతర యుగోస్లావ్ రిపబ్లిక్కులవారికి పౌరసత్వం కోసం ఆరు నెలల గడువు ఇచ్చారు. చాలామంది దరఖాస్తు చేసుకున్నారు, పొందారు. చేసుకోనివారు, తిరస్కరణకు గురైనవారు మిగిలారు. 1992 ఫిబ్రవరి 26న వారి పేర్లను శాశ్వత నివాసుల రిజిస్టరు నుంచి చడీచప్పుడు లేకుండా తీసేశారు. ఆ సంఖ్య 25,671 అని తర్వాత ప్రభుత్వమే తేల్చింది. జనం వారికి పెట్టిన పేరు ‘చెరిపివేయబడ్డవారు’.

ఎవరికీ నోటీసు రాలేదు. లైసెన్సు మార్చుకోవడానికో, బిడ్డ పుట్టుక నమోదుకో కార్యాలయానికి వెళ్లినప్పుడు గుమాస్తా గుర్తింపు కార్డు తీసుకుని, దానికి రంధ్రం పొడిచి తిరిగి ఇచ్చేవాడు. ఆ రంధ్రంతో ఉద్యోగం, వైద్యం, పింఛను అన్నీ చిక్కుల్లో పడేవి. కొందరిని సరిహద్దు దాటించారు. ఇది రాజ్యాంగ విరుద్ధమని స్లోవేనియా రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనే చెప్పింది. అయినా దిద్దుబాటు ఏళ్లకేళ్లు నడిచింది. 2012లో స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం తీర్పిచ్చాక, చెరిపివేతలో గడిచిన ఒక్కో నెలకు 50 యూరోల చొప్పున పరిహారం ఇవ్వాలని 2013లో చట్టం చేశారు. ఎవరికైనా దేశం ఏర్పాటులో ఒక్క సలహా ఇవ్వమంటే, నివాసానికి దరఖాస్తు గడువును ముడిపెట్టవద్దని చెబుతాను. గడువు దాటేది కుట్రదారు కాదు. వృద్ధులు, చదువురానివారు, ఆసుపత్రిలో ఉన్నవారు.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లినప్పుడు కూడా యూరప్ పౌరులకు 2021 జూన్ 30 గడువు పెట్టింది. అయితే తగిన కారణం చూపితే ఆ తర్వాత వచ్చిన దరఖాస్తులనూ పరిశీలిస్తామని నిబంధనల్లోనే రాసుకుంది. స్లోవేనియాలో లేనిది ఆ వాక్యమే.

ప్రశ్న: వెళ్లేవారి సంగతి సరే, మిగిలిన దేశానికి పోయేదేముంది? ఒక తలనొప్పి వదిలిందనుకోవచ్చు కదా?

జవాబు: ఇథియోపియాను అడగండి. 1993లో ఎరిట్రియా వెళ్లిపోవడంతో ఆ దేశానికి సముద్రతీరమే లేకుండా పోయింది. మొదట్లో ఎరిట్రియాలోని అసబ్ రేవును వాడుకునేవారు, రెండు దేశాల్లోనూ ఇథియోపియా బిర్‌యే నడిచేది. 1997 నవంబరులో ఎరిట్రియా సొంత నాక్ఫాను తెచ్చి బిర్‌తో సమానంగా చెల్లాలంది. సరిహద్దు వ్యాపారం తప్ప మిగతాదంతా డాలర్లలోనే జరగాలని ఇథియోపియా పట్టుబట్టింది. 1998 మేలో బాద్మే అనే చిన్న ఊరి దగ్గర మొదలైన ఘర్షణ పదుల వేల ప్రాణాలు తీసిన యుద్ధమైంది. యుద్ధానికి కరెన్సీ ఒక్కటే కారణం కాకపోయినా, సరిహద్దు గీత గీయకుండా విడిపోవడమూ, డబ్బు తగాదా మధ్యలో ఆ గీత కోసం వెతకడమూ జరిగాయన్నది నిజం. అసబ్ రేవు మూతపడ్డట్టయింది, ఇథియోపియా సరుకంతా జిబూతీ దారి పట్టింది.

ప్రశ్న: ఈ లెక్కలన్నీ తేలడానికి ఎంతకాలం పడుతుంది? గొడవ లేకుండా త్వరగా ముగించుకున్నవారు ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు, తక్కువమందే. 1905లో స్వీడన్ నుంచి నార్వే విడిపోయినప్పుడు ఆగస్టు 13న జరిగిన ఓటింగులో 3,68,208 మంది అవునన్నారు, 184 మంది కాదన్నారు. ఓటు హక్కు లేని స్త్రీలు వేరుగా దాదాపు 2,50,000 సంతకాలు సేకరించారు. సెప్టెంబరులో కార్ల్‌స్టాడ్‌లో చర్చలు ముగిశాయి; సరిహద్దు కోటలను కూల్చడానికి నార్వే ఒప్పుకుంది, రెయిన్‌డీర్ల మేత కోసం సరిహద్దు దాటే సామీ ప్రజల హక్కును కూడా మాట్లాడుకున్నారు. అక్టోబరుకల్లా స్వీడన్ రాజు నార్వే కిరీటం వదులుకున్నాడు. అప్పటికే రెండు దేశాలకూ వేర్వేరు పార్లమెంటులు, చట్టాలు, ఖజానాలు ఉండటం వల్ల విడదీయవలసింది కొంచెమే మిగిలిందని మరువకూడదు.

మిగతావారి సంగతి ఇలా లేదు. స్నేహంగా విడిపోయిన చెక్, స్లోవాక్‌లకు ఉమ్మడి బంగారం తగాదా తీరేసరికి 2000 వచ్చింది. యుగోస్లావియా ఆస్తుల పంపకం మీద వారసులు సంతకాలు చేసింది 2001లో, అది అమలులోకి వచ్చింది 2004లో. ఇక సింగపూర్ 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి వేరుపడినప్పుడు 1961, 1962 నాటి నీటి ఒప్పందాలను విభజన పత్రంలోనే చేర్చి, రెండు ప్రభుత్వాలూ హామీ ఇచ్చాయి. రెండో ఒప్పందం ప్రకారం జోహోర్ నది నుంచి సింగపూర్ రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు తోడుకోవచ్చు, వెయ్యి గ్యాలన్లకు 3 సెంట్ల లెక్కన. ఆ ధర మరీ అన్యాయమని మలేషియా అంటుంది. మార్చుకునే అవకాశం 1987తోనే పోయిందని సింగపూర్ అంటుంది. ఆ ఒప్పందం గడువు 2061 దాకా ఉంది, సింగపూర్ ఈలోగా సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు కట్టుకుంటూ పోతోంది.